బంతియాటలో పంక్తిధర్మము



తెలుగున బంతి యను మాట ఒకటిగా వినబడును గాని, అవి రెండు మాటలు. పిల్లలు తన్నుకొను బంతి యొకటి. పెండ్లియింట విస్తళ్ళు పరచి చుట్టములను కూర్చుండబెట్టు బంతి వేరొకటి. ఈ రెండవది సంస్కృతమందలి పంక్తి శబ్దమునకు తద్భవము. కళ్ళమున ఎద్దులను వరుసగా కట్టి కంకులమీద త్రిప్పుటకును మన పల్లెలలో బంతి యనియే పేరు. మొదటి బంతికిని రెండవ బంతికిని పుట్టుకలో చుట్టరికము లేదు. అయినను నేడు నేను చెప్పబోవు మనిషి జీవితమున ఆ రెండును ఒక్కచోట కలిసికొన్నవి. బంతి తన్నుటలో ఆయన మేటి. బంతిలో తనకు చూపిన పీటమీద కూర్చుండి తన పని నెరవేర్చినవాడును ఆయనయే. పేరు తులసీదాస్ బలరాం. 1936వ సంవత్సరమున సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో జన్మించిన మన ప్రాంతపు బిడ్డ.

పెద్దలు కూర్చుండి వినుచున్న సభలో ఫుట్‌బాలు ముచ్చట యేల యని మీరడుగవచ్చును. మా కొంగరకలాన్‌లో గాని, ఇబ్రహీంపట్నము చుట్టుపట్ల మరియే యూరిలో గాని, నలుగురు కూడి చేయవలసిన పని వచ్చినప్పుడు పెద్దలకు కలుగు చిక్కు ఒకటి యున్నది. పనివాడు సమర్థుడు. అట్టి సమర్థులు ఇద్దరున్నారు. ఇద్దరికిని తగిన చోటు మాత్రము ఒక్కటే. ఎవరిని అచట నిలుపవలెను? రెండవవానిని ఎచట నిలుపవలెను? అట్లు నిలుపబడినవాడు మనసు చిన్నబుచ్చుకొని పని పాడుచేయునా, లేక చేయి కలుపునా? భజన మండలిలో ఇరువురు మంచి గొంతుగలవారుండిన, ఒకరు ముందుపాట చెప్పవలెను, ఒకరు వంత పాడవలెను. ఈ వంతపాట దగ్గరనే ఎన్ని మండళ్ళు విరిగిపోయినవో మీకు తెలియని సంగతి కాదు. బలరాంగారి కథ ఆ వంతపాట కథయే. అందుచేతనే దానిని ఎత్తుకొన్నాను.

ఆట నెరుగనివారికి నాలుగు మాటలు. ఫుట్‌బాలున ఒక పక్షమునకు పదునొకండుగురు. వారిలో ఒకడు గోలు కాచువాడు. వాని ముందర కొందరు అడ్డుకొనువారు, నడుమ కొందరు బంతి నందించువారు. అందరికంటె ముందు, ఆ కాలమున, అయిదుగురు వరుసగా నిలిచెడివారు. వీరిని ఫార్వర్డులందురు. ఆ అయిదుగురిలో నట్టనడుమ ఉండువాడు సెంటర్ ఫార్వర్డు. వానికి కుడియెడమల దగ్గరగా నిలుచువారు ఇన్‌సైడ్ రైటు, ఇన్‌సైడ్ లెఫ్టు. ఇక రెండు అంచులందు, సున్నపు గీతల వెంబడి పరుగెత్తువారు అవుట్‌సైడ్ రైటు, అవుట్‌సైడ్ లెఫ్టు. లోపలి మువ్వురికి గోలు ఎదురుగా కనబడును. అంచున ఉన్నవానికి అది ఓరగా, ఇరుకుగా కనబడును. అతడు గీతవెంట గుర్రమువలె పరుగెత్తి, ఎదుటివానిని దాటి, బంతిని నడుమకు విసరవలెను. దానిని మరియొకడు తన్ని గోలు చేయును. చప్పట్లు తన్నినవానివి. మరునాటి పత్రికలో పేరును వానిదే.

కళ్ళమున బంతి కట్టినవారికి ఇది వెంటనే బోధపడును. నడిమి గుంజకు దగ్గరగా ముసలి యెద్దును, అంచున వయసు ఎద్దును కట్టుదురు. లోపలిది నాలుగడుగులు వేయునంతలో అంచుది పదునారడుగులు వేయవలెను. అంచు ఎద్దు కాలు సడలించెనా, బంతి మొత్తము వంకర పోవును. ట్రాక్టర్లు వచ్చిన పిమ్మట మన పిల్లలు ఈ దృశ్యమును చూచి యుండరు. మీరు చూచినారు. దాపటి అంచున తిరిగిన ఆ ఎద్దును జ్ఞప్తియందుంచుకొనుడు.

బలరాంగారిని గూర్చి చెప్పుటకు ముందు ఆయనను తీర్చిన గురువును గూర్చి చెప్పక తప్పదు. ఆ గురువు సయ్యద్ అబ్దుల్ రహీంగారు. 1909లో హైదరాబాదున పుట్టిరి. వృత్తిచే బడిపంతులు. నగరమునందలి పాఠశాలలలో పిల్లలకు చదువు చెప్పుచునే ఆటను నేర్చి, ఆటను నేర్పిరి. 1950 మొదలు మరణించువరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులుగా నుండిరి. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పును ఆ జట్టే గెలిచెను. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మన దేశమునకు స్వర్ణపతకము తెచ్చిన జట్టునకును ఆయనయే శిక్షకుడు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో మన జట్టు నాలుగవ స్థానము పొందినదియు ఆయన శిక్షణలోనే. ఫుట్‌బాలున మన దేశము ఒలింపిక్ క్రీడలలో ఎక్కిన మెట్లలో అదియే అన్నిటికంటె ఎత్తు. 2024లో వచ్చిన మైదాన్ అను హిందీ చలనచిత్రము ఈయన కథయే. మీ మనుమలు చూచియే యుందురు.

రహీంగారి బోధనాపద్ధతులలో రెండు నాకు మిక్కిలి నచ్చినవి. నేనును బడిపంతులనే గావున వాని విలువ నాకు తెలియును. ఒకటి, చేతకాని కాలితోనే ఆడవలెనను పోటీలు. కుడికాలు వాటముగలవాడు ఎడమకాలితోనే తన్నవలెను, ఎడమకాలివాడు కుడికాలితో. రెండవది, బంతిని కాళ్ళ నడుమ ఆడించుచు పోగూడదను పోటీలు. బంతి అందిన వెంటనే మరియొకనికి అందింపవలెను. నేర్పుగల పిల్లవానికి ఈ రెండవ నియమమెంత కష్టమో ఊహింపుడు. నలుగురిని దాటించి పోగల కాలు వానికున్నది. చూచువారు ఆహా యనుటకు సిద్ధముగా నున్నారు. గురువు మాత్రము, నీ చేతనగునని నాకు తెలియును, అయినను వదలుము అనుచున్నాడు. సహాధ్యాయికి పలక నిమ్మని మొదటి తరగతిలో మేము నేర్పుపాఠమిదియే గాని, మా పాఠము పిల్లలు బడి దాటగనే మరచిపోవుదురు. రహీంగారి పాఠము కాళ్ళలోనికి దిగినది.

ఈ గురువు దృష్టి అమ్ముగూడ కుర్రవానిమీద పడెను. ఇల్లు కలిమిగలది కాదు. శిక్షణకై సికింద్రాబాదు అవతలినుండి హైదరాబాదునకు రావలెను. బండి ఖర్చునకు చేతిలో డబ్బు లేదు. సైకిలు అద్దెకు తీసికొని రమ్మని రహీంగారే ఆ అద్దె ఇచ్చెడివారట. పోలీసులు వాడి పారవేసిన పాత బూట్లను చెప్పులు కుట్టువానిచేత ఆటబూట్లుగా మార్పించుకొని తొడిగినాడనియు చెప్పుకొందురు. 1956, 1957 సంవత్సరములందు హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని వరుసగా గెలిచినప్పుడు బలరాంగారు ఆ జట్టులో నుండిరి. ఇరువదియేండ్ల ప్రాయమున మెల్‌బోర్న్ పోయిన దేశపు జట్టులోను ఉండిరి. 1957లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టువారు ఆయనను తమలో చేర్చుకొనిరి.

ఇచటనుండి చిక్కు మొదలగును.

బలరాంగారికి స్వస్థానము ఫార్వర్డుల వరుసలో లోపలి చోటు. బంతిని నిలుపుట, త్రిప్పుట, సందు చూచి అందించుట, అదనెరిగి తన్నుట, ఇవి యన్నియు కలవాడు ఉండవలసిన చోటది. అదే కాలమున, అదే కలకత్తాలో, అదే చోటున ఆడు మరియొక మేటి తలయెత్తెను. ఆయన చునీ గోస్వామి. వయసున బలరాంగారికంటె చిన్న. పైగా ఈస్ట్ బెంగాల్‌నకు ఆగర్భశత్రువని పేరొందిన మోహన్ బాగాన్ జట్టువాడు. ఈ రెండు జట్లకు గల పోరు ఎట్టిదో బెంగాలీల నడిగిన తెలియును. అవి తలపడునాడు కొనుగోళ్ళలో చేపల ధర సైతము మారునందురు.

దేశపు జట్టు కూర్చునప్పుడు ఇద్దరును కావలెను, ఎడమవైపు లోపలి చోటు ఒక్కటే. రహీంగారు చునీని లోపల నిలిపిరి. బలరాంగారిని ఎడమ అంచునకు పంపిరి. కుడి అంచున పి.కె. బెనర్జీ. ఈ మువ్వురను కలిపియే దేశమంతట చెప్పుకొనిరి.

గురువుగారి నిర్ణయమున లోకరీతికి విరుద్ధమైనదొకటి మీకు కనబడుచున్నదా? అంచునకు మనము సామాన్యముగా ఎవరిని పంపుదుము? చేతకానివానిని. రహీంగారు చేతనైనవానిని పంపిరి. లోపలివాడు అంచున ఆడలేకపోవచ్చును. బలరాం ఎచట నిలిపినను ఆడగలడు. అనగా ఆయనను కదిలించినది ఆయనయందలి లోపము కాదు, అధికముగా నున్న గుణమే. కళ్ళమున అంచుకు వయసు ఎద్దును కట్టుటయు ఇందుచేతనే గదా. అయితే ఎద్దునకు పత్రికలు చదువు బాధ లేదు.

నిర్ణయము గురువుదైనప్పుడు శిష్యుని గొప్పతనమేమి యని తర్కించువారుందురు. తర్కము బాగుగనే యున్నది. కాని చోటు చూపుట పెద్దల పని, ఆ చోట నిండుమనసుతో చేయుట చేయువాని పని. ముఖము ముడుచుకొని అంచున నిలిచి, బంతి వచ్చినప్పుడు నాలుగడుగులు నడచి, నన్నిచట నిలిపితిరిగదా అనుభవింపుడు అనువానిని ఏ శిక్షకుడును ఏమియు చేయజాలడు. అట్టివారిని ప్రతి యూర మనము చూచినాము.

1960లో రోమ్ ఒలింపిక్ క్రీడలలో ఏమి జరిగెనో చూతము. మన జట్టు మూడు ఆటలాడెను. హంగరీతో 1-2 తేడాతో ఓడెను. ఫ్రాన్సుతో 1-1 సమముగా ముగించెను. పెరూతో 1-3 తేడాతో ఓడెను. మొత్తము మనవారు చేసిన గోళ్ళు మూడు. ఫ్రాన్సుమీద చేసినది జట్టు నాయకుడు బెనర్జీది. హంగరీమీదను పెరూమీదను చేసినవి రెండును బలరాంగారివి. హంగరీ యనగా నాటి ఐరోపాలో పేరెన్నికగన్న జట్టు. లోపలి చోటు విడిచినవాడు గోలు చేయుట విడువలేదన్నమాట. దీనిని నేను నొక్కి చెప్పుటకు కారణమున్నది. నిస్స్వార్థమనగా వెనుకకు నిలుచుట యని మనలో ఒక పొరపాటు అభిప్రాయము పాతుకొనియున్నది. తన్నవలసిన సమయమున తన్నక, నాకెందుకులే, తప్పిన నిందవచ్చును, ప్రక్కవానికిత్తము అనువాడు త్యాగి కాడు, తన మర్యాదను కాపాడుకొను పిరికివాడు. అదియు స్వార్థమే. ఇయ్యవలసినప్పుడు ఇచ్చుట, తన్నవలసినప్పుడు తన్నుట, ఈ రెంటికిని కొలత ఒక్కటే: జట్టునకు ఇప్పుడేది కావలెను?

మరుసటి సంవత్సరము, 1961లో, ఆయన ఈస్ట్ బెంగాల్ జట్టునకు నాయకుడయ్యెను. అచట లోపలి చోటు ఆయనది. ఆ యేడు కలకత్తా లీగు పోటీలలో 23 గోళ్ళు చేసి అందరికంటె ముందు నిలిచెను. 1952 తరువాత ఈస్ట్ బెంగాల్ లీగు గెలుచుట అదే మొదలు. ఇప్పుడాలోచింపుడు. ఇరువదిమూడు గోళ్ళు చేసిన నాయకుడు, మరుసటి యేడే దేశపు జట్టులో మరల ఎడమ అంచున నిలువవలెను. లోపలి చోటు ప్రతిపక్షపు జట్టువానిది. జట్టు నాయకత్వమును ఆ చునీ గోస్వామిదే. ఇది 1960లో అడిగినదానికంటె పెద్ద త్యాగము. చేతిలో ఏమియు లేనివాడు ఇచ్చుట వేరు, నిండుచేతివాడు ఇచ్చుట వేరు.

ఇట్టిచోట మనకు వెంటనే జ్ఞప్తికి రావలసినవాడు కర్ణుడు. భారతయుద్ధమునకు ముందు రథికుల నెన్నునప్పుడు భీష్ముడు ఆయనను అర్ధరథుడనెను. ఆ మాట తగినదా కాదా యని ఇప్పుడు విచారింప బనిలేదు. కర్ణునికి అది గుచ్చుకొనెను. భీష్ముడు బ్రతికియుండగా ఆయుధము పట్టనని ప్రతిన పూనెను. పదిదినములు కౌరవసేన తన మేటి విలుకాండ్రలో ఒకడు శిబిరమున కూర్చుండగా పోరాడెను. కర్ణునిమీద మనకు జాలి మెండు. దానమిచ్చుటలో ఆయనకు సాటి లేడు. కవచకుండలములనే కోసియిచ్చినాడు. అట్టివాడు తన చోటు మాత్రము ఇయ్యలేకపోయెను. ఒడలి చర్మము కంటె వరుసలో చోటు ఇచ్చుట కష్టమని వ్యాసుడు చూపినాడని నా యభిప్రాయము. పండితులు వేరుగా తలంపవచ్చును.

పేరునుబట్టి మరియొక చమత్కారము. పురాణమందలి బలరాముడు అన్న, కీర్తి తమ్మునిది. ఆయన చేతనున్నది నాగలి. కాని ఆ బలరాముడు యుద్ధము వచ్చుసరికి ఏ పక్షమునను చేరక తీర్థయాత్రకు వెడలిపోయెను. మన అమ్ముగూడ బలరాం వెడలిపోలేదు.

1962లో జకార్తా నగరమున నాలుగవ ఆసియా క్రీడలు. రహీంగారికి అప్పటికే క్యాన్సరు వ్యాధి సోకియున్నది. మొదటి ఆటలోనే మనవారు దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడిరి. తరువాత థాయిలాండును 4-1, జపానును 2-0 తేడాతో గెలిచిరి. ఆ రెండు ఆటలందును బలరాంగారు ఒక్కొక్క గోలు చేసిరి. ఇంతలో వెనుక నిలిచి అడ్డుకొను జర్నైల్ సింగ్‌నకు తలకు గాయమై ఆరు కుట్లు పడినవి. వెనుక నిలిపిన తలతో బంతి నాపుట తప్పదు, గాయము తిరుగబెట్టును. రహీంగారేమి చేసిరో వినుడు. ఆ గాయపడినవానిని తీసికొనిపోయి నట్టనడుమ సెంటర్ ఫార్వర్డుగా నిలిపిరి. అడ్డుకొనువాడు తన్నువాడయ్యెను. దక్షిణ వియత్నాంతో జరిగిన ఆటలో ఆయన ఒక గోలు చేయగా, చునీ రెండు చేసెను. 3-2 తేడాతో మనది గెలుపు.

సెప్టెంబరు 4వ తేదీన చివరియాట. ఎదుట మరల దక్షిణ కొరియాయే. క్రీడాస్థలమున నిండియున్న జనము మనవారికి ప్రతికూలము. ఇజ్రాయేలును, తైవానును ఆ క్రీడలకు రానీయకపోవుట తగదని జి.డి. సోంధి యను మన దేశపు క్రీడాధికారి యొకరు పలికిన మాటకు ఆ నగరవాసులు ఆగ్రహించి యుండిరి. ఆ కోపము ఆటగాండ్ర మీద పడెను. మన వరుస ఇట్లున్నది: కుడి అంచున బెనర్జీ, ఎడమ అంచున బలరాం, నడుమ తలకు కట్టు కట్టుకొన్న జర్నైల్ సింగ్, లోపల చునీ, మన హైదరాబాదు పోలీసు జట్టువాడే యైన యూసుఫ్ ఖాన్. గోలు కాచువాడు పీటర్ తంగరాజ్. 17వ నిమిషమున బెనర్జీ గోలు చేసెను. 20వ నిమిషమున జర్నైల్ సింగ్ మరియొకటి చేసెను. కొరియావారు ఒకటి తిరుగగొట్టిరి. 2-1 తేడాతో స్వర్ణము మనదయ్యెను. ఆసియా క్రీడలలో ఫుట్‌బాలునకు మన దేశము మరల స్వర్ణము నెరుగదు.

ఆ అయిదు ఆటలలో మనవారు చేసిన గోళ్ళు 11. బెనర్జీవి 4, చునీవి 3, జర్నైల్ సింగ్‌వి 2, బలరాంగారివి 2. కరణము లెక్కవలె చూచిన ఇరువదిమూడు గోళ్ళ నాయకునికి ఇది తగ్గుదలయే. కాని ఎడమ అంచున ఆయన యున్నాడన్న భయముచేత ఎదుటివారు తమవారిలో ఒకరినో ఇద్దరినో అటువైపు విడువవలసివచ్చును. ఆ మేరకు నడుమ తెరపి యగును. నడుమ నిలిచిన గాయపడిన సర్దారునకు కావలసినది ఆ తెరపియే. ఆటలెక్కలు వ్రాయు పుస్తకమున దీనికి గడి లేదు.

ఇట్టిది మన దేశమున మాత్రమే జరిగినదనుకొనరాదు. అమెరికాలో ఫుట్‌బాలు అను పేర వేరొక ఆట యున్నది. కోడిగ్రుడ్డు ఆకారముగల బంతిని చంకనిడుకొని పరుగెత్తుట అందు ముఖ్యము. అట్లు పరుగెత్తువానిని రన్నింగ్ బ్యాక్ అందురు. బంతి తన చేత లేనప్పుడు ముందుకు దూకి, బంతిగల తోటివానికి అడ్డువచ్చువారిని భుజముతో త్రోయవలసిన పనియు వానిదే. షికాగో జట్టున 1975 నుండి 1987 వరకు ఆడిన వాల్టర్ పేటన్ ఆ రెండింటను దిట్ట. ఆట విరమించునాటికి 16,726 గజములు పరుగెత్తి అంతకుముందెవ్వరును చేరని దూరము చేరినవాడు. అయినను తోటివాని కొరకు త్రోవ తీయుటకు వెనుదీయడని పేరు. 1986 జనవరిలో ఆయన జట్టు ఆ దేశపు పెద్దపోటీని 46-10 తేడాతో గెలిచెను. ఎదుటివారందరు పేటన్ మీదనే కన్నువేసి యుండుటచే ఇతరులకు సందు దొరకెను. ఒక గజము దూరమునుండి గీత దాటించు సులభమైన అవకాశమును శిక్షకుడు పెర్రీ యను స్థూలకాయునికిచ్చెను. పేటన్‌నకు ఆనాడు ఒక్కటియు దక్కలేదు. గెలిచిన నాడే ఆయన మనసు నొచ్చుకొనెను. ఆ శిక్షకుడు మైక్ డిట్కా, ఆ యవకాశము ఆయనకియ్యనైతినే యని తరువాత బహిరంగముగనే విచారపడెను.

ఆ నొచ్చుకొనుటను గూర్చి చెప్పవలసినది చాల యున్నది. ఇచ్చినవానికి ఆకలి ఉండదని మనమనుకొందుము. ఇంటిలో పెద్దకోడలు అందరికి వడ్డించి చివర తినును. చివర కుండలో ఏమి మిగిలెనో చూచువారెవరు? బంతిలో వలపక్షము కూడదను మాట కూర్చున్నవారి విషయముననే చెప్పుకొందుము. వడ్డించి నిలిచినవాని విస్తరి సంగతి అందులో లేదు.

బలరాంగారికి 1962వ సంవత్సరపు అర్జున పురస్కారము లభించెను. కొలదికాలమునకే రొమ్మువ్యాధి పట్టెను. ఇరువదియేడేండ్ల ప్రాయమునకే ఆట మానవలసివచ్చెను. ఇతరులు పేరును సంపాదించి పండించుకొను వయస్సది. రహీంగారు 1963 జూన్ 11వ తేదీన మరణించిరి. ఎచట నిలిపినను ఆడగలడని తెలిసి అంచున నిలిపిన మనిషి, ఆ సంగతి పదిమందికి చెప్పగల మనిషి, లేకుండ పోయెను. తరువాతి కాలమున చునీ గోస్వామికి 1983లోను, బెనర్జీకి 1990లోను పద్మశ్రీ బిరుదములు వచ్చినవి. ఇద్దరును అర్హులే. మూడవవానికి రాలేదు. వృద్ధాప్యమున బలరాంగారు ఈ బాధను దాచుకొనలేదు, అడిగినవారికి చెప్పెడివారు. త్యాగము చేసినవాడు ఫలము నడుగుట తగునా యని కొందరు పెదవి విరిచిరి. నాకది దోషముగా తోచదు. ఆయన జట్టునకిచ్చినది ఆట జరుగుచుండగా తన చోటును. ఆట ముగిసిన పిమ్మట లోకము తన పని లెక్కను సరిగా వ్రాయవలెనని కోరుట వేరొక విషయము. చోటిచ్చినంత మాత్రమున లెక్కను గూడ ఇచ్చివేసినట్లు కాదు.

ఈ బాకీ ఆటగానిది కాదు, పెద్దలది. పల్లెలో చెరువు తూము దగ్గర నీరు వదలువానిని అందరు ఎరుగుదురు. కాలువ చివరి మడి దాక పోయి గండి పూడ్చివచ్చిన సమర్థుని ఎరిగినవారు తక్కువ. మేటివానిని అంచునకు పంపు పెద్ద, పంపుటకు ముందే తన మనసులో ఒక చిట్టా తెరువవలెను. ఎందుకు పంపితిమో, వాడు లోపల నుండిన ఏమి పొందియుండునో ఆ చిట్టాలో ఉండవలెను. పని ముగిసి ముందుపాట వానికి శాలువ కప్పునప్పుడు, వంతపాట వాని పేరును అదే నోట పలుకవలెను. ఏండ్లు గడచిన పిమ్మట పలికిన చాలదా యందురేమో. అప్పటికి చిట్టా చదువగలవాడు బ్రతికి యుండవలెను గదా.

ఆట మానిన తరువాత బలరాంగారు స్వస్థలమునకు మరలిరాక బెంగాలులోనే నిలిచిరి. హుగ్లీ నది యొడ్డునగల ఉత్తరపాడాలో నివసించిరి. ఆ మువ్వురిలో బెనర్జీ 2020 మార్చి 20వ తేదీన, చునీ గోస్వామి అదే యేడు ఏప్రిల్ 30వ తేదీన కాలధర్మము నొందిరి. బలరాంగారు 2023 ఫిబ్రవరి 16వ తేదీన, 86 ఏండ్ల వయసున, కలకత్తాలో కన్నుమూసిరి.